రాయడం నేర్చుకోవాలంటే ముందు చదివేవాళ్ళు నలుగురు కావాల

రాయాలని ఉంది, మొదలుపెడితే రెండు పేరాల తర్వాత ఆగిపోతాండాది, ఏం చేయాల అని అడిగేవాళ్ళు మా కడప జిల్లాలో చానామంది ఉండారు. డిగ్రీ పిల్లోళ్ళు, టీచర్లు, కువైట్‌లో పని చేసుకుంటా రాత్రి రూముకొచ్చి ఫోన్లో టైప్ చేసేవాళ్ళు. అందరికీ నేను చెప్పేది ఒకటే, మీరు రాసింది చదివి "ఆ తర్వాత ఏమైంది?" అని అడిగే నలుగుర్ని ముందు సంపాదించుకోండి. బడిలో మనకి వ్యాసాలు రాయించినారు గానీ చదివిన సారు మార్కులేసి పక్కన పెట్టినాడే తప్ప యాడ అర్థం కాలేదో, యాడ చదవబుద్ధి కాలేదో చెప్పలేదు, అందుకే మనలో చానామందికి చదివే మనిషి మొహం కండ్ల ముందర లేకుండా రాయడం అలవాటైపోయింది. ఆ అలవాటు పోవాలంటే నిజంగా చదివే మనుషులు కావాల్సిందే.

నలుగురు అన్నానని ప్రాణ స్నేహితుల్నే ఎతుక్కోవద్దు. వాళ్ళు మీరేం రాసినా బాగుండాది అంటారు, ప్రేమ ఉంటాది గాని పని జరగదు. నా లెక్క ప్రకారం ఒకరు బాగా చదివే అలవాటు ఉన్నోళ్ళు, ఒకరు మీ ఊరు ఎప్పుడూ చూడనోళ్ళు, ఒకరు మీకంటే పెద్దోళ్ళు, ఇంకొకరు మీ మాదిరే కొత్తగా రాస్తున్నోళ్ళు అయితే చాలు. ఊరు చూడనోళ్ళు ఎందుకంటే, మీకు తెలిసిపోయిన సంగతులన్నీ మీరు రాయకుండా వదిలేస్తారు, ఆ మనిషి మాత్రమే "వంక అంటే ఏంది, నది మాదిరి ఉంటాదా?" అని అడుగుతారు. కడపలో ఉన్నోళ్ళు అయితే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయానికి పోండి, అక్కడ సాహిత్య సభలు జరుగుతా ఉంటాయి, ఒకటి రెండు సార్లు వెనక కుర్చీలో కూచొని విని, నచ్చిన మాట మాట్లాడిన వాళ్ళని బయటికొచ్చినాక పలకరించండి. దూరంగా ఉన్నోళ్ళు కూడా పనికొస్తారు, బెంగళూరులో ఒకరు, కువైట్‌లో ఒకరు ఉంటే ఏం తక్కువ కాదు, ఊరు వదిలిపెట్టినోళ్ళు ఊరి గురించి చదివేటప్పుడు చానా శ్రద్ధగా చదువుతారు. వీళ్ళందర్నీ కలిపి ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకోండి, ఆరుగురికి మించొద్దు. మించితే గుడ్ మార్నింగ్ బొమ్మలు మొదలవుతాయి.

గ్రూప్ పెట్టుకున్నాక రోజు ఒకటి ఖాయం చేసుకోండి, వారానికి ఒకసారి చాలు. మూడొందల పదాలు. అంతకంటే ఎక్కువ రాస్తే చదివేవాళ్ళు "తీరిగ్గా చదువుతా" అని పక్కన పెడతారు, ఆ తీరిక రాదు. ఇంకో చిన్న సంగతి, వాట్సాప్‌లో మొత్తం ఒకే మెసేజ్‌గా పెట్టొద్దు, పేరా పేరాగా విడి మెసేజ్‌లు పెట్టండి, అప్పుడు చదివినోళ్ళు ఏ పేరా గురించి మాట్లాడాలో ఆ పేరాని పక్కకి జరిపి దానికిందే జవాబు రాయొచ్చు. ఇది చూసేదానికి చిన్నదే గాని మాటలన్నీ "బాగుండాది" కాడ ఆగకుండా ఒక పేరా మీద, ఒక వాక్యం మీద నిలబడేది దీనివల్లనే.

ఇంక ఏం రాయాల అనేది. మీకు చేత్తో తెలిసిన పని గురించి మొదలుపెట్టండి. పసుపు తవ్వి ఉడకబెట్టి ఆరబెట్టడం, ఎర్రగుంట్ల పక్క నాపరాయి గనిలో బండ లేపడం, కె.సి. కెనాల్లో, అంటే కర్నూలు-కడప కాలువలో, నీళ్ళు వదిలిన రోజు మడికి మళ్ళ కట్టేది, సంగటి గడ్డలు కట్టకుండా కెలికేది, రంజాన్ నెలలో తెల్లవారుజామున సహరీకి లేపేవాళ్ళ గొంతు. పెద్ద విషయాలు, కరువు, వలస, ప్రేమ, చావు, ఇవి కూడా వస్తాయి గాని వాటిని పేరు పెట్టి పిలిస్తే రావు. ఉదాహరణకి ఒకరు ఇట్ల రాసినారు అనుకోండి:

"మా ప్రాంతంలో కరువు విలయతాండవం చేసేది. రైతులు అనేక కష్టాలను ఎదుర్కొనేవారు."

ఇందులో తప్పు లేదు, కానీ చదివినోళ్ళకి ఏమీ కనపడదు, ఏ జిల్లా గురించైనా ఇదే రాయొచ్చు. గ్రూప్‌లో ఊరు తెలియని మనిషి "ఏ కష్టం? ఏ పంట? వాన ఎప్పుడు నిలబడింది?" అని అడిగితే, రాసినోళ్ళు ఆలోచించుకొని మళ్ళీ ఇట్ల రాస్తారు:

"శెనక్కాయ ఊడలు దిగే టయానికి వాన నిలబడిపోయింది. పై మన్ను గట్టిపడింది, ఊడ గుచ్చుకోలేక పైన్నే ఎండిపాయ. మా నాయన ఒక చెట్టు పెరికి చూసినాడు, ఏమీ మాట్లాడకుండా దాన్ని ఇంటికి తెచ్చి ఎద్దుల ముందర ఏసినాడు."

కరువు అనే మాట యాడా లేదు. ఊడ అంటే శెనక్కాయ పూత నుంచి కిందికి దిగే కాడ, అది నేలలోకి దిగాలంటే తేమ ఉండాల, లేకపోతే కాయ కట్టదు, ఈ సంగతి సేద్యం చేసే ఇంట్లో పుట్టినోళ్ళకి ఊరికే తెలుసు, తెలుసు కాబట్టే రాయరు. మీకు ఊరికే తెలిసినవి ఎదుటోళ్ళకి కొత్తవి అని తెలిసొచ్చేది ఈ ప్రశ్నల వల్లే, ఒక్కరే కూచొని ఎంత రాసినా ఇది తెలియడం చానా కష్టం.

యాస గురించి చాలామంది భయపడతారు. "ఉండాది, పోతాండా, యాడికి" అని రాస్తే ఎవురన్నా నగుతారేమో అని. రాయండి. కాకపోతే ఒక ఏర్పాటు చేసుకోవాల, మాటలు మాత్రమే యాసలోనా, కథ చెప్పేది కూడా యాసలోనా అని ముందే తేల్చుకొని చివరిదాకా దానికే కట్టుబడండి, ఒక పేరాలో "ఉన్నది" ఇంకో పేరాలో "ఉండాది" అంటే చదివేవాళ్ళకి ఎవరు మాట్లాడుతున్నారో తెలియక తికమక అవుతాది. ఫోన్ కీబోర్డ్ యాస మాటల్ని మార్చేస్తా ఉంటాది, జీబోర్డ్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో పర్సనల్ డిక్షనరీలోకి పోయి మీ మాటలు ఒక్కొక్కటిగా చేర్చుకోండి, తర్వాత అవే సూచనల్లో వస్తాయి. టైప్ చేయడం కష్టమైన పెద్దోళ్ళు మైక్‌లో చెప్పి రాయించుకోవచ్చు, యాస మాటలు దానికి సరిగ్గా అందవు, తర్వాత కూచొని దిద్దుకోవాల, అయినా మాట్లాడినట్టే ఉండే మొదటి ప్రతి చేతికొస్తాది. అది మంచి ప్రతే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది, ఇంకొకరి రాత చదివేది ఎట్ల అనేది. మీ రాత మెరుగయ్యేది సగం ఇక్కడే అని నా గట్టి నమ్మకం. చదివినాక మూడు సంగతులు చెప్పండి, యాడ నాకు కండ్లకు కట్టినట్టు కనపడింది, యాడ నేను ఆగిపోయినా, ఇంకా ఏం తెలుసుకోవాలని ఉంది. అంతే. అచ్చుతప్పులు చివర్న, అదీ వాళ్ళు అడిగితే. మాట ఎట్ల ఉండాలంటే:

"అన్నా, మీ జేజి పొయ్యి ముందర కూచున్న కాడ బాగా కనపడింది. కానీ ఆ తర్వాత పేరాలో ఆమె ఏడ్చింది అన్నారు, ఎందుకో నాకు అందలేదు. ఉత్తరం వచ్చిందా, ఫోన్ వచ్చిందా?"

"ఫోనేరా. అప్పటికి మా ఊర్లో శెట్టి అంగడి కాడ ఒక్క ఫోనే ఉండె, అక్కడికి పోయొచ్చింది."

"ఆ అంగడికి పోయేది రాయండన్నా, అదే కదా ముఖ్యం."

చూసినారా, ఆ తమ్ముడు సలహా పెద్దగా ఏమీ ఇయ్యలేదు, ఊరికే అడిగినాడు, అన్నకి రాయాల్సిన పేరా దొరికింది.

గట్టిగా మాట్లాడేవాళ్ళు కూడా కావాల. మన జిల్లాలోనే రాచమల్లు రామచంద్రారెడ్డి గారు ఉండిరి, రారా అంటే తెలుగు సాహిత్యం చదివే వాళ్ళకందరికీ తెలుసు, 1968లో కడప నుంచి సంవేదన అనే పత్రిక మొదలుపెట్టి నడిపినాడు, విమర్శలో మొహమాటం లేని మనిషి అని పేరు. ఆయన పద్ధతిలో మనం తీసుకోవాల్సింది కోపం కాదు, కారణం చెప్పడం. నచ్చలేదు అంటే ఏ వాక్యం, ఎందుకు నచ్చలేదో చెప్పాల, రాసిన మనిషి మీదికి పోకూడదు, కులం ఊసు, చదువు ఊసు అస్సలు రాకూడదు. అట్ల వచ్చిన రోజు ఆ మనిషిని మర్యాదగా పక్కకి పిలిచి చెప్పండి, మళ్ళీ వస్తే గ్రూప్ నుంచి తీసేయండి, ఇందులో మొహమాటం పడితే సిగ్గుపడే పిల్లోళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, రాయడమే మానేస్తారు.

మీ రాత మీద మాటలు వచ్చినప్పుడు ఆ రోజు జవాబు చెప్పొద్దు, "చదివినా, థాంక్సక్కా" అనేసి ఊరుకోండి. అసలు నా ఉద్దేశం ఏందంటే అని మొదలుపెడితే వివరణ అంతా గ్రూప్‌లో అయిపోయి రాతలోకి రాదు. ఒక చోట ఇద్దరు ఆగిపోయినారంటే ఆ చోటు కచ్చితంగా మార్చండి. ఒక్కరే ఆగితే మీ ఇష్టం.

తిరగరాసేది గూగుల్ డాక్స్‌లో పెట్టుకుంటే మంచిది, వెర్షన్ హిస్టరీలో పాత ప్రతులు అట్లే ఉంటాయి, వాట్సాప్‌లో అయితే పంపిన పదిహేను నిమిషాల తర్వాత మెసేజ్ దిద్దలేం. కొత్త ప్రతి గ్రూప్‌లో పెట్టేటప్పుడు పాతది కూడా పక్కన పెట్టండి, ఏం మారిందో అందరికీ కనపడాల, ఒకరు తిరగరాసింది చూసి నలుగురు నేర్చుకుంటారు. ప్రతుల్ని పక్కపక్కన పెట్టి చూసే పనికి మన కడపలో పాత చరిత్రే ఉంది. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకి ఒక్క ప్రతిని నమ్ముకోకుండా చానా రాతప్రతులు తెప్పించి, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకొని, ఒకదానితో ఒకటి పోల్చి చూపించి 1829లో అచ్చేయించినాడు. ఆయన బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి ఆ గ్రంథాలయం నిలబెట్టినారు. పైన పొమ్మన్నది దానికే.

చదవకుండా రాత పెరగదు, ఇది అందరూ చెప్పేదే కాబట్టి నేను పొడిగించను. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి, వేంపల్లె షరీఫ్, వీళ్ళ కథలు దొరికినవి దొరికినట్టు చదవండి, మన మాట అచ్చులో ఎట్ల నిలబడుతుందో అక్కడ తెలుస్తాది. నచ్చిన ఒక పేరాని చేత్తో కాగితం మీద ఎత్తి రాయండి, వాక్యం యాడ ఆగింది, యాడ సాగింది అనేది చేతికి తెలుస్తాది. అది మీకోసమే, యాడా పెట్టొద్దు.

నాలుగు నెలలో ఆరు నెలలో గ్రూప్‌లో రాసుకున్నాక ఫేస్‌బుక్‌లోనో ఇంకో చోటో అందరికీ కనపడేట్టు పెట్టండి, అంతకుముందు తొందర వద్దు. అక్కడ లైకులు చూసి మీ రాత కొలుచుకోవద్దు, గ్రూప్‌లో నలుగురి ప్రశ్నలే కొలత. పెట్టేముందు ఒక్కటి మాత్రం చానా జాగ్రత్తగా ఆలోచించాల. మనది చిన్న ఊర్ల జిల్లా, పేరు మార్చినా ఇంటి గుర్తు, ఈరమ్మ గుడి పక్క మిద్దె అంటే ఎవరో తెలిసిపోతాది. ఎవరి ఇంట్లో చావు గురించో, పాత గొడవల గురించో రాస్తే ముందు వాళ్ళకి చదివి వినిపించి ఒప్పించుకోండి, వద్దంటే గ్రూప్‌లో కూడా పెట్టొద్దు. ఫ్యాక్షన్ గురించి రాయాలనుకునే పిల్లోళ్ళకి ఇంకో మాట, సినిమాల్లో చూసిన సుమోలు, బాంబులు వదిలేసి ఆ ఇండ్లల్లో మిగిలిపోయిన ఆడోళ్ళు రేషన్‌కి ఎవర్ని పంపినారు, పిల్లోళ్ళని ఏ ఊరి హాస్టల్లో పెట్టినారు, అది రాయండి.

రాసినవన్నీ మీ మెయిల్‌కి కూడా ఒక కాపీ పంపుకోండి, తేదీతో. ఫోన్ పోతే చాట్ కూడా పోవచ్చు.

ఇంక గ్రూప్ సైలెంట్ అయిపోయే రోజులు వస్తాయి. పరీక్షలు, పంట కోతలు, పెండ్లిండ్లు. అప్పుడు ఎవరి మీదా కోపం చేసుకోవద్దు, ఎవురూ రాయలేదేంది అని అడగొద్దు కూడా, అట్ల అడిగితే మిగిలినోళ్ళు కూడా ముడుచుకుంటారు. మీరు ఒక్కరే ఆ వారం రాయాల్సిన రోజుకి నాలుగు లైన్లు పెట్టండి, ఈరోజు మార్కెట్లో చూసింది, బస్సులో విన్న ఒక మాట, ఏదైనా సరే, దాని కింద గ్రూప్‌లో ఒక మనిషిని పేరు పెట్టి ఒక్క ప్రశ్న అడగండి, "అక్కా, మీ పక్క దీన్ని ఏమంటారు?" అని. ఆమె జవాబు చెప్పేటప్పుడు ఇంకో ముగ్గురు వస్తారు, పై వారానికి ఆ జవాబే ఎవురో ఒకరు రాయొచ్చు.