వ్యానులో కప్‌బోర్డులు – 5వ పాఠం: తలుపులు, అంచులు, పాలిష్

పోయిన పాఠంలో పెట్టెలు బిగించేశాం. 12 మి.మీ. మెరైన్ ప్లై (నీళ్లకి తట్టుకునే ప్లైవుడ్), మూలలకి జిగురుతో అంటించిన రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు), వెనకాల 4 మి.మీ. ప్లై. ఇంట్లోలాగా 18 మి.మీ. వేస్తే ఇంకా గట్టిగా ఉండేది కదా అనిపిస్తే, ఒక్కసారి ఆ షీటు ఎత్తి చూడండి. 8×4 అడుగుల 18 మి.మీ. షీటు సుమారు 35 కిలోలుంటుంది, 12 మి.మీ. షీటు 23 దాకా ఉంటుంది. ఆ తేడానంతా మీరు వెళ్లిన ఊరికల్లా డీజిల్ పోసి మోసుకెళ్లాలి.

ఇక తలుపులు. కోనసీమలో పాత మండువా లోగిళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దొరికితే వదలకండి. దశాబ్దాల పాటు ఇంట్లో ఆరిన చెక్క, ఇక వంకర్లు పోయేది తక్కువ. చిత్రిక పట్టే ముందు మాత్రం అయస్కాంతం ఒకటి చెక్క మీద అంతటా తిప్పండి. లోపల విరిగిపోయిన మేకులుంటాయి, చిత్రిక బ్లేడు పోతుంది.

టేకుతో ఫ్రేము చేసి, దానికి గాడి తీసి, 6 మి.మీ. ప్లై పలకను అందులో కూర్చోబెట్టండి. పలక ప్లై అయితే గాడిలో జిగురు పెట్టేయొచ్చు. పెట్టకపోతే దారి పొడవునా టకటకమంటూనే ఉంటుంది. అదే నికార్సైన చెక్క పలకైతే జిగురు వద్దు, రెండు పక్కలా కాస్త ఖాళీ వదలండి. మన వానాకాలంలో అది ఉబ్బుతుంది, చోటు లేకపోతే ఫ్రేమునే విడగొడుతుంది. తలుపుకీ పెట్టెకీ మధ్య 2 మి.మీ. సందు చాలు. పనిలో మిగిలిపోయిన 1 మి.మీ. మందం సన్‌మైకా ముక్కలు రెండు కలిపి సందులో పెట్టి కొలవండి, టేపుతో పనిలేదు.

ఇప్పుడు అందరూ దాటేసే పని, అంచులు. ప్లై ముఖం మీద పడ్డ నీళ్లు చాలావరకు జారిపోతాయి. కోసిన అంచు మాత్రం పీచు కొసలన్నీ తెరిచిన గొట్టాల్లా ఉండి నీళ్లను లోపలికి పీల్చేస్తుంది. మీరు పాలకొల్లులో ఉన్నా అంతర్వేదిలో ఉన్నా ఏడాదిలో సగం రోజులు గాలిలోనే నీళ్లుంటాయి. అందుకని అంచుకి 180 నంబరు ఉప్పు కాగితం (శాండ్ పేపర్) పట్టి, దుమ్ము తుడిచి, సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) రాయండి. మొదటి కోటు కళ్ల ముందే మాయమైపోతుంది. ఆరాక ఇంకో కోటు, మళ్లీ ఇంకోటి. ఎన్ని కోట్లు అని అడక్కండి. పూర్తిగా ఆరిన అంచు మీద ఒక్క నీటి చుక్క వేసి ఐదు నిమిషాలు ఆగండి. చుక్క ముత్యంలా నిలబడితే చాలు. కింద చెక్క నల్లబడితే బ్రష్ మళ్లీ తీయాల్సిందే. బందుల కోసం చేసిన బెజ్జాలకీ, కింద ఎవరికీ కనపడని అంచుకీ కూడా ఇదే పని. నీళ్లు చేరేది అక్కడికే.

పాలిష్ సంగతి నా అనుభవంతో చెబుతాను. మొదటిసారి తొందరపడి శ్రావణంలో, బయట ముసురు పట్టి ఉండగా, లక్కర్ (థిన్నర్‌తో పలచన చేసి కొట్టే మెరుపు పూత) కొట్టాను. పావుగంటకల్లా తలుపంతా తెల్లగా మసకబారింది. మా వీధి వడ్రంగి బాబాయ్ వచ్చి చూసి, "ఇదేంటండీ, పెరుగు ఒలికిందా?" అన్నాడు. జరిగిందేమిటంటే, థిన్నర్ వేగంగా ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ మంచులా దిగి లక్కర్లో చిక్కుకుంటుంది. అదే ఆ తెలుపు. గీకి పారేయనక్కర్లేదు. ఎండ బాగా కాసిన రోజు చూసుకుని స్ప్రేతో ఒట్టి థిన్నర్‌ని తడిపీ తడపనట్టు కొడితే లక్కర్ మెత్తబడి తేమ బయటికి పోతుంది. నా తలుపుల్లో చాలావరకు అలాగే తేరుకున్నాయి. ఒక మూల మాత్రం 320 కాగితంతో రుద్ది మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

కాబట్టి పాలిష్ పని సంక్రాంతి వెళ్లాక పెట్టుకోండి. అప్పుడు కూడా పొద్దున్నే వద్దు, మంచు విడిచి ఎండెక్కాక మొదలుపెట్టి మూడింటికల్లా ఆపేయండి. ముందు 120 నంబరు కాగితం, తర్వాత 180, చివర 220, ఎప్పుడూ చెక్క గీతల వెంబడే రుద్దాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, పాలిష్‌కి ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడవండి. తలుపులు విప్పి బయట పందిరి కింద పని చేయండి. మూసిన వ్యానులో థిన్నర్ వాసనకి తల తిరుగుతుంది, నిప్పురవ్వ పడితే అంతే.

గడియల దగ్గర పిసినారితనం వద్దు. అయస్కాంతం క్యాచ్ ఇంట్లో సరిపోతుంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర సరిపోదు. నొక్కితే పడే పుష్ లాక్ పెట్టండి. ఉప్పుగాలి తగిలే ఊళ్లైతే మరలన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొనండి, మామూలువి తుప్పు పడతాయి.

ఈ వారం పని: తలుపులు బిగించి, లోపల ఖాళీ డబ్బాలు పెట్టి, పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని రావులపాలెం నుంచి అమలాపురం దాకా ఓసారి వెళ్లిరండి. ఏది గలగలమందో, ఏది తెరుచుకుందో వాళ్లని రాసుకోమనండి. వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.