సొంత రౌటర్ ఫర్మ్‌వేర్‌లో యూఎస్‌బీ సపోర్ట్ పెట్టాలా, వద్దా? ఎలా తేల్చుకోవాలి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు గాలివానకు ఫైబర్ తెగితే, లైన్‌మన్ వచ్చేదాకా ఫోన్ డేటాయే గతి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఒడిశాలోని గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అంత పెద్ద తుఫానుకు టవర్లే పడిపోతే ఏదీ పనికిరాదు. కానీ ఏటా వచ్చే మామూలు గాలివానల్లో, ఫోన్‌నో డాంగిల్‌నో (సిమ్ వేసే యూఎస్‌బీ మోడెమ్) రౌటర్‌కి గుచ్చితే ఇంటిల్లిపాదికీ నెట్ వస్తుంది. రౌటర్‌ను నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (OpenWrt) అనే ఉచిత ఫర్మ్‌వేర్ వేసుకునేవాళ్లు యూఎస్‌బీ గురించి ఆలోచించాల్సింది ముఖ్యంగా ఇందుకే.

1. పోర్ట్ ఉందా చూడండి. లేకపోతే ఇక్కడితో ఆగిపోవచ్చు. ఉంటే మామూలుగా పోర్ట్‌ను నడిపే మూల డ్రైవర్ ఫర్మ్‌వేర్‌లోనే వస్తుంది. దానికి గుచ్చే వస్తువు డ్రైవర్ మాత్రం రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

2. ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ ఉండే మెమరీ) ఎంతో చూడండి. 16 ఎంబీ, ఆపైన ఉంటే సందేహించకుండా పెట్టేయండి. 8 ఎంబీ అయితే ఒక్క అవసరానికే పరిమితం కండి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న రౌటర్లకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 వెర్షన్ తర్వాత అధికారిక ఫర్మ్‌వేర్ రావడం లేదు. టీపీ-లింక్ ఎంఆర్3420 పాత వెర్షన్లు అలాంటివే: పోర్ట్ ఉంది, చోటు లేదు. వాటితో కుస్తీ పట్టకండి.

3. ఏం గుచ్చుతారో రాసుకోండి.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల టెథరింగ్‌కి (ఫోన్ డేటాను కేబుల్‌తో పంచుకోవడానికి) కెమాడ్-యూఎస్‌బీ-నెట్-ఆర్ఎన్‌డీఐఎస్ (kmod-usb-net-rndis) అనే డ్రైవర్ ప్యాకేజీ చాలు. కొన్ని కొత్త ఫోన్లకు సీడీసీ-ఎన్‌సీఎం (kmod-usb-net-cdc-ncm) కావాలి. ఐఫోన్‌కి ఐపీహెత్ (kmod-usb-net-ipheth), యూఎస్‌బీమక్స్‌డీ (usbmuxd) రెండూ కావాలి. కొన్ని 4జీ డాంగిళ్లు మొదట సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. వాటిని మోడెమ్‌గా మార్చడానికి యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ (usb-modeswitch) పెట్టాలి. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ చూసి పెట్టుకోండి, ఆపద వేళ ఎవరి ఫోన్‌లో డేటా మిగిలి ఉంటుందో చెప్పలేం.

పెన్‌డ్రైవ్‌లో సినిమాలు పంచుకోవడం వేరే లెక్క. స్టోరేజ్, ఫైల్‌సిస్టమ్ డ్రైవర్లతోపాటు, ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే సాంబా కూడా కావాలి. అది చాలా చోటు, ర్యామ్ తింటుంది. చిన్న రౌటర్‌లో దాన్ని వదిలేయమనే నా సలహా.

4. డ్రైవర్లు ముందే ఫర్మ్‌వేర్‌లో కలపండి. "అవసరమైనప్పుడు ఇన్‌స్టాల్ చేసుకుందాం" అనుకుంటే అది దాహం వేసినప్పుడు బావి తవ్వడమే: డ్రైవర్ దింపుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి! పైగా విడిగా వేసిన ప్యాకేజీలు మామూలు అప్‌గ్రేడ్‌లో పోతాయి. ఫర్మ్‌వేర్‌లో కలిపితే బాగా కుదించి ఉంటాయి కాబట్టి చోటు కూడా కలిసొస్తుంది. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫర్మ్‌వేర్ సెలెక్టర్‌లో మీ మోడల్, వెర్షన్ ఎంచుకుని, ప్యాకేజీల పెట్టెలో ఈ పేర్లు చేర్చి బిల్డ్ నొక్కండి. ఒకసారి లోపల కలిపినదాన్ని తర్వాత తీసేసినా చోటు తిరిగి రాదు. అందుకే మూడో మెట్టులో రాసుకున్నవే చేర్చండి.

5. కరెంటు సంగతి చూసుకోండి. యూఎస్‌బీ 2 పోర్ట్ ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు. ఎక్కువ లాగే డాంగిల్ మధ్యమధ్యలో ఆగిపోతుంటే, సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి. సిగ్నల్ కిటికీ దగ్గరే వస్తుందా? మంచి యూఎస్‌బీ 2 కేబుల్‌తో డాంగిల్‌ని 5 మీటర్ల లోపు అక్కడికి జరపండి.

6. ఎండ కాస్తున్న రోజే పరీక్షించండి. ఫోన్ గుచ్చి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లూసీలో (LuCI, రౌటర్ సెట్టింగుల వెబ్ పేజీ) యూఎస్‌బీ0 (usb0) డివైస్‌తో కొత్త డీహెచ్‌సీపీ (చిరునామాను తనంతట తానే తీసుకునే) ఇంటర్‌ఫేస్ సృష్టించి, ఫైర్‌వాల్‌లో ఇంటర్నెట్ వైపు ఉండే వ్యాన్ (WAN) జోన్‌లో పెట్టండి. దాని గేట్‌వే మెట్రిక్ (ఏ దారిని ముందు వాడాలో చెప్పే అంకె, చిన్నదానికే ముందు వంతు) ఫైబర్‌కి ఇచ్చినదానికన్నా పెద్ద అంకె కావాలి, లేదంటే ఫైబర్ బాగున్నప్పుడు కూడా ఫోన్ డేటా ఖర్చవుతుంది. ఇక రౌటర్ నుంచి ఫైబర్ కేబుల్ పీకి చూడండి. నెట్ ఆగకుండా వస్తే ఆ ఫర్మ్‌వేర్ ఫైల్‌ను, సెట్టింగుల బ్యాకప్‌ను కంప్యూటర్‌లో దాచుకోండి.