2028లో ఎవరు? అమెరికా అధ్యక్ష ఎన్నికను ముందుగా లెక్కగట్టే పద్ధతి

అమెరికాలో ఒక అధ్యక్ష ఎన్నిక ఫలితం తేలిన మర్నాడే తర్వాతి ఎన్నిక మీద జోస్యాలు మొదలవుతాయి. 2028 నవంబర్ 7న పోలింగ్. చిలుకూరి వారి ఆడపడుచు ఉషా వాన్స్ భర్త ఉపాధ్యక్షుడు కావడంతో ఈసారి మనవాళ్లలోనూ ఆ చర్చ ఎక్కువే. అయితే ఆ చర్చల్లో పేర్లే వినిపిస్తాయి, అంకెలు వినిపించవు. అంకెలతో చేయడం కష్టమేమీ కాదు. ఒక స్ప్రెడ్‌షీట్, గత నాలుగు ఎన్నికల రాష్ట్రాలవారీ ఫలితాలు, ఒక ఆదివారం మధ్యాహ్నం ఉంటే సరిపోతుంది.

ముందు పట్టిక

పట్టికలో 56 వరుసలు వేయండి: 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, మెయిన్‌లోని రెండు జిల్లాలు, నెబ్రాస్కాలోని మూడు జిల్లాలు (ఇక్కడ జిల్లా అంటే ప్రతినిధుల సభ నియోజకవర్గం). అధ్యక్షుణ్ని తేల్చేది రాష్ట్రాలకు పంచిన ఎలక్టోరల్ ఓట్లు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా చోట్ల రాష్ట్రంలో గెలిచినవారికే అక్కడి ఓట్లన్నీ పోతాయి. ఆ రెండు రాష్ట్రాల్లో గెలిచినవారికే మొత్తం ఓట్లు పోవు. రెండు ఎలక్టోరల్ ఓట్లు రాష్ట్ర విజేతకు, మిగతావి ఒక్కో జిల్లా విజేతకు వెళ్తాయి. ప్రతి వరుసలో ఎలక్టోరల్ ఓట్ల సంఖ్య, ఆ తర్వాత 2012, 2016, 2020, 2024 మెజారిటీలు శాతాల్లో రాయండి. డెమొక్రాట్ల ఆధిక్యం ప్లస్, రిపబ్లికన్లది మైనస్. ఎలక్టోరల్ ఓట్ల నిలువు వరుస కూడితే సరిగ్గా 538 రావాలి. రాకపోతే ఎక్కడో పాత అంకె పడిందన్నమాట.

ఆ పాత అంకెలే ఎక్కువగా తప్పు చేయించేది. 2020 జనగణన తర్వాత టెక్సస్ 38 నుంచి 40కి, ఫ్లోరిడా 29 నుంచి 30కి పెరిగాయి. కాలిఫోర్నియా 55 నుంచి 54కి, న్యూయార్క్ 29 నుంచి 28కి తగ్గాయి. (ఇంకో 89 మంది లెక్కలోకి వచ్చి ఉంటే న్యూయార్క్ ఆ సీటు నిలబెట్టుకునేది.) 2024లో వాడిన ఈ అంకెలే 2028కీ వర్తిస్తాయి. 2032కి మాత్రం 2030 జనగణన అంకెలు కావాలి.

రెండో జాగ్రత్త మెజారిటీ శాతం గురించి. అది పోలైన మొత్తం ఓట్ల మీద ఉండాలి. కొన్ని చోట్ల రెండు పెద్ద పార్టీల ఓట్లనే నూరుగా తీసుకుని శాతం కడతారు. 2016లో చిన్న పార్టీలకు, ఇతరులకు కలిపి 5 శాతానికి పైగా పోయింది కాబట్టి రెండు రకాల అంకెలు కలిస్తే లెక్కంతా చెడుతుంది.

గెలుపు కాదు, మొగ్గు చూడండి

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే. రాష్ట్రంలో వచ్చిన మెజారిటీలోంచి దేశవ్యాప్త మెజారిటీ తీసేయండి. మిగిలింది ఆ రాష్ట్రం మొగ్గు. దేశవ్యాప్త అంకెలు ఇవి: 2012లో ప్లస్ 3.9, 2016లో ప్లస్ 2.1, 2020లో ప్లస్ 4.5, 2024లో మైనస్ 1.5.

ఒహాయో తీసుకుందాం. 2012లో ఒబామా అక్కడ 3 పాయింట్లతో గెలిచారు, మొగ్గు మైనస్ 0.9. 2016లో ట్రంప్ 8.1తో గెలిచారు, మొగ్గు మైనస్ 10.2. 2020లో ట్రంప్ ఆధిక్యం 8 దగ్గరే ఉంది. పైపైన చూస్తే కదలిక లేదు. కానీ దేశం డెమొక్రాట్ల వైపు జరిగిన ఏడాది ఒహాయో కదలకుండా నిలబడింది కాబట్టి మొగ్గు మైనస్ 12.5కి దిగింది. 2024లో ట్రంప్ ఆధిక్యం 11.2కి పెరిగింది, మొగ్గు మాత్రం మైనస్ 9.7కి వెనక్కి వచ్చింది.

ఇప్పుడు జార్జియా చూడండి. 2020లో బైడెన్ 11,779 ఓట్లతో గెలిచారు, 2024లో ట్రంప్ 2.2 పాయింట్లతో తిరిగి గెలుచుకున్నారు. టీవీలో చూసినవారికి జార్జియా మళ్లీ రిపబ్లికన్ల వైపు వెళ్లిపోయినట్టే. మొగ్గు వేరే మాట చెబుతుంది: 2012లో మైనస్ 11.7, తర్వాత మైనస్ 7.2, మైనస్ 4.2, 2024లో మైనస్ 0.7. నాలుగు ఎన్నికల్లో అడుగు వెనక్కి పడలేదు. 2028 గురించి ఆలోచించేవారు ఇలాంటి వరుసల దగ్గర ఆగి చూడాలి. 2024లో ఎవరు గెలిచారన్న వార్తతో వచ్చేది తక్కువ.

270 దాటించే రాష్ట్రం

రాష్ట్రాలను మెజారిటీ ప్రకారం పైనుంచి కిందికి పేర్చి, ఎలక్టోరల్ ఓట్లు ఒక్కొక్కటే కూడుతూ పొండి. గెలుపుకు కావాల్సిన 270 ఏ రాష్ట్రం దగ్గర దాటుతుందో అదే ఆ ఎన్నికను తేల్చిన రాష్ట్రం. ఎలక్టోరల్ కాలేజీ, అంటే ఈ ఎలక్టోరల్ ఓట్ల ఏర్పాటు, ఏ పార్టీకి ఎంత సాయం చేస్తోందో దాని మొగ్గే చెబుతుంది. 2020లో అది విస్కాన్సిన్. బైడెన్ దేశమంతటా 4.5తో ముందున్నా అక్కడ గెలిచింది 0.6తోనే. అంటే డెమొక్రాట్లకు దాదాపు 4 పాయింట్ల అదనపు భారం. 2012లో అది కొలరాడో. అక్కడ ఒబామాకు 5.4 వచ్చింది, భారం రిపబ్లికన్ల నెత్తిన పడింది. 2024లో పెన్సిల్వేనియా: అక్కడ మైనస్ 1.7, దేశంలో మైనస్ 1.5. దాదాపు సమానం. ఎలక్టోరల్ కాలేజీ ఎప్పుడూ రిపబ్లికన్ల పక్షమే అన్నది 2016, 2020 చూసి పుట్టిన మాట. దాన్ని శాశ్వత నియమంగా 2028 లెక్కలో పెట్టకండి.

2024లో హ్యారిస్‌కు వచ్చినవి 226. వాటికి పెన్సిల్వేనియా 19, మిషిగన్ 15, విస్కాన్సిన్ 10 కలిపితే సరిగ్గా 270. అందులో నెబ్రాస్కా రెండో జిల్లా ఓటు ఒకటి ఉంది. నెబ్రాస్కా శాసనసభ చట్టం మార్చి మొత్తం ఓట్లూ రాష్ట్ర విజేతకే ఇస్తే అదే మ్యాపు 269-269 అవుతుంది. అప్పుడు నిర్ణయం ప్రతినిధుల సభది. అక్కడ సభ్యుడికో ఓటు ఉండదు, రాష్ట్రానికి ఒక ఓటు, గెలవడానికి 26 కావాలి. ఒక్క జిల్లా కోసం ప్రత్యేక వరుస వేయమన్నది ఇందుకే.

దేశం ఎంత కదులుతుంది?

2000 నుంచి 2024 వరకు ఒక ఎన్నికకూ తర్వాతి ఎన్నికకూ మధ్య దేశవ్యాప్త మెజారిటీ సగటున 4.4 పాయింట్లు కదిలింది. తక్కువలో తక్కువ 2012 నుంచి 2016కి, 2 లోపే. ఎక్కువలో ఎక్కువ 2004 నుంచి 2008కి, 10కి దగ్గర. మూడేళ్ల ముందు అంచనా వేసేవారి చేతిలో ఇంతకంటే గట్టి కొలత లేదు.

2024 మెజారిటీలకు ఈ కదలిక కలిపి చూడండి. దేశం డెమొక్రాట్ల వైపు 2 పాయింట్లు జరిగితే విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మారతాయి, 270. 4 జరిగితే జార్జియా, నెవాడా, నార్త్ కరొలైనా కూడా కలిసి 308. 6 జరిగితే అరిజోనాతో 319. రిపబ్లికన్ల వైపు 4.4 జరిగితే న్యూహాంప్‌షైర్, మిన్నెసోటా కలిసి 2024లో ట్రంప్‌కు వచ్చిన 312 కాస్తా 326. మామూలు కదలికలోనే రెండు పార్టీలకూ సౌకర్యమైన గెలుపు ఉందన్నమాట. ఈ దశలో ఎవరైనా 90 శాతం ధీమాతో మాట్లాడుతుంటే వాళ్ల దగ్గర లెక్క లేదనే నా అభిప్రాయం.

అన్ని రాష్ట్రాలూ ఒకేలా కదలవు. అందుకే గత రెండు ఎన్నికల మధ్య మొగ్గు ఎంత మారిందో చూసి, అందులో సగం మాత్రమే ముందుకు పొడిగించండి. పూర్తిగా పొడిగిస్తే ఏమవుతుందో ఒహాయోలో చూశాం. 2020 దాకా ఉన్న గీతను అలాగే లాగినవారికి 2024 మొగ్గు ఎదురు తిరిగింది.

రీఅలైన్‌మెంట్ అనే ముందు

ఒక వర్గం ఓటర్లు ఒక పార్టీని వదిలి రెండో పార్టీలో స్థిరపడి, దాంతో పార్టీల పునాదులే మారిపోవడాన్ని రీఅలైన్‌మెంట్ అంటారు. వి.ఓ. కీ అనే రాజనీతి శాస్త్రజ్ఞుడు 1955లో ఈ ఆలోచనకు రూపం ఇచ్చారు. 1860, 1896, 1932 అంటూ 36 ఏళ్లకోసారి వస్తుందని తర్వాతివారు లెక్కకట్టారు. ఆ పంచాంగం 1932 తర్వాత సాఫీగా నడవలేదు. దాన్ని నమ్మి తేదీలు చెప్పకండి. ఒక మార్పు నిజమా కాదా తేల్చడానికి మూడు పరీక్షలు పెట్టండి.

అభ్యర్థి మారినా నిలిచిందా? కనీసం మూడు ఎన్నికలు, వేర్వేరు అభ్యర్థులు కావాలి. 2004 ఎగ్జిట్ పోల్ లాటినోల్లో (లాటిన్ అమెరికా మూలాలున్నవారిలో) బుష్‌కు 44 శాతం ఇచ్చింది. ఆ వర్గం రిపబ్లికన్ల వైపు వచ్చేసిందన్నారు. ఆ అంకె ఎక్కువగా పడిందని తర్వాత తేలింది, 2008లో వాళ్లలో 67 శాతం ఒబామాకు వేశారు. 2024లో మళ్లీ అదే చర్చ. ఈసారి ఆధారాలు గట్టివి, ఎందుకంటే ఎగ్జిట్ పోల్ అక్కర్లేకుండా కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) ఫలితాలే చెబుతున్నాయి. దాదాపు అందరూ లాటినోలే ఉన్న టెక్సస్‌లోని స్టార్ కౌంటీ 1892 తర్వాత తొలిసారి రిపబ్లికన్‌కు ఓటేసింది. ఫ్లోరిడాలోని మయామీ-డేడ్ కౌంటీలో 2016లో క్లింటన్‌కు 29 పాయింట్ల ఆధిక్యం, 2020లో బైడెన్‌కు 7, 2024లో ట్రంప్‌కు 11. అయినా ఈ మూడింటిలోనూ రిపబ్లికన్ అభ్యర్థి ఒక్కరే. 22వ రాజ్యాంగ సవరణ ప్రకారం ట్రంప్ మళ్లీ ఎన్నిక కాలేరు. ఆ ఓటు పార్టీదో, మనిషిదో 2028లోనే తెలుస్తుంది.

కిందికి దిగిందా? అధ్యక్ష ఓటు ముందు మారుతుంది. సెనేట్, ప్రతినిధుల సభ, రాష్ట్ర శాసనసభలు చాలా ఆలస్యంగా కదులుతాయి. 1964లో రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటర్ ఘోరంగా ఓడినా దక్షిణాదిలో అయిదు రాష్ట్రాలు గెలిచారు. అదే దక్షిణాది 1976లో దాదాపు మొత్తంగా డెమొక్రాట్ కార్టర్ వైపు తిరిగింది. రిపబ్లికన్లు ప్రతినిధుల సభను చేజిక్కించుకోవడానికి 1994 దాకా పట్టింది. ముప్పై ఏళ్లు. అందుకే పట్టికలో గవర్నరు, సెనేట్ ఫలితాలకూ ఒక నిలువు వరుస పెట్టండి.

మారారా, ఇంట్లో కూర్చున్నారా? 2020తో పోలిస్తే 2024లో ట్రంప్‌కు సుమారు 31 లక్షల ఓట్లు పెరిగాయి, డెమొక్రాట్ అభ్యర్థికి సుమారు 63 లక్షలు తగ్గాయి. తగ్గినవన్నీ అటు వెళ్లలేదని ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితేనే కనిపిస్తుంది. శాతాలే చూస్తే ఇది దాగిపోతుంది. ఇంట్లో ఉండిపోయిన ఓటరు తర్వాతిసారి తిరిగి రావచ్చు. పార్టీ మారిన ఓటరు సంగతి వేరు.

మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న కౌంటీలతో ఇంకో పొరపాటు జరుగుతుంది. టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో ఉన్న కాలిన్ కౌంటీలో 2012లో రిపబ్లికన్ ఆధిక్యం సుమారు 31 పాయింట్లు, 2020లో 5 లోపు, 2024లో మళ్లీ రెండంకెలు. వర్జీనియాలోని లౌడన్ కౌంటీ 2004లో బుష్‌ది, 2008 నుంచి డెమొక్రాట్లది. దీన్నిబట్టి తెలుగువాళ్లు ఇలా వేశారు, అలా వేశారు అనేస్తారు. కౌంటీ మొత్తం కదలిక అందులోని ఒక వర్గం కదలిక కాదు. పైగా అక్కడున్న మనవాళ్లలో చాలామందికి పౌరసత్వం, ఓటు ఇంకా లేవు. వర్గం గురించి మాట్లాడాలంటే ఆ వర్గం ఎక్కువగా ఉన్న పోలింగ్ ప్రిసింక్టుల (మన బూత్ పరిధి లాంటివాటి) ఫలితాలు కావాలి.

నమ్మకూడని గుర్తులు

మూడేళ్ల ముందు నామినేషన్ సర్వేలు పేరు ఎంతమందికి తెలుసో కొలుస్తాయి, అంతే. 2007లో చాలాకాలం రిపబ్లికన్ సర్వేల్లో ముందున్న జూలియానీ 2008 ప్రైమరీల్లో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో) ఒక్క రాష్ట్రమూ గెలవలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఉపాధ్యక్ష పదవి నామినేషన్‌కు మంచి మెట్టు, గెలుపుకు కాదు. 1836లో వాన్ బ్యూరెన్ తర్వాత పదవిలో ఉన్న ఉపాధ్యక్షుడు అధ్యక్షుడిగా ఎన్నికైంది 1988లో సీనియర్ బుష్ ఒక్కరే. నిక్సన్, హంఫ్రీ, గోర్, హ్యారిస్ ఓడారు.

మధ్యంతర ఎన్నికల (అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎన్నికల) గాలి రెండేళ్లు నిలవదు. 1982, 1994, 2010లో దెబ్బతిన్న పార్టీల అధ్యక్షులే 1984, 1996, 2012లో తిరిగి గెలిచారు. 2022లో అనుకున్నదానికంటే బాగా నిలబడిన డెమొక్రాట్లు 2024లో ఓడారు. కాబట్టి 2026 నవంబర్ 3 ఫలితాల్లో ఏ పార్టీకి ఎన్ని సీట్లు అన్నదానికంటే, ఏ కౌంటీల మొగ్గు ఎటు జరిగిందో చూడండి.

‘అక్కడ గెలిస్తే దేశం గెలిచినట్టే’ అనే ఊళ్లను కూడా పక్కన పెట్టండి. ఇండియానాలోని వీగో కౌంటీ 2020లో తప్పింది. అప్పటికి వరుస తప్పని వాషింగ్టన్ రాష్ట్రపు క్లాలమ్ కౌంటీ 2024లో తప్పింది. మూడు వేల పైచిలుకు కౌంటీల్లో కొన్ని యాదృచ్ఛికంగా వరుసగా సరిపోతూనే ఉంటాయి.

అంకెగా రాయండి, మార్కులు వేసుకోండి

చివరికి ప్రతి అంచనానూ తేదీతో సహా శాతంగా రాయాలి. ‘జార్జియా డెమొక్రాట్లకు రావచ్చు’ అన్న వాక్యం ఎప్పటికీ తప్పు కాదు, అందుకే పనికిరాదు. ‘జార్జియా డెమొక్రాట్లకు, 50 శాతం’ అని రాస్తే లెక్క చూసుకోవచ్చు. శాతాలను గుడ్డిగా గుణించకండి. విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా ఒక్కోటి 60 శాతం అనుకుని మూడూ వచ్చే అవకాశం 21.6 శాతం అంటే పొరపాటే. 1992 నుంచి ఆ మూడూ ప్రతిసారీ కలిసే ఓటేశాయి. సర్వేలు తప్పినా మూడింటిలోనూ ఒకే వైపు తప్పుతాయి. కలిపి 50కి దగ్గరగా రాయడం సబబు.

మార్కుల పద్ధతి సులువు: మీరు చెప్పిన సంభావ్యతను దశాంశంగా రాసి, జరిగితే 1లోంచి, జరగకపోతే 0లోంచి తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేయండి. 70 శాతం అన్నది జరిగితే 0.09. ప్రతిదానికీ 50 అని తప్పించుకుంటే ఎప్పుడూ 0.25. 95 అన్నది జరగకపోతే 0.90. తక్కువ వస్తే మంచిది. 56 వరుసలకూ వేసి సగటు తీయండి. అయితే కాలిఫోర్నియా, వయోమింగ్ లాంటివి సగటును ఊరికే అందంగా చేస్తాయి కాబట్టి, 2024లో 6 పాయింట్ల లోపు తేలిన రాష్ట్రాలకు సగటు విడిగా తీసి పక్కన రాసుకోండి.

పట్టికను రోజూ కెలకకండి. 2026 నవంబర్ ఫలితాలు పూర్తిగా వచ్చాక ఒకసారి, నామినేషన్లు ఖరారయ్యాక ఒకసారి, 2028 సెప్టెంబర్ మొదట్లో ఒకసారి సరిచేస్తే చాలు. ప్రతిసారీ పాత ప్రతిని చెరపకుండా కొత్త షీటులో చేయండి. ఏ మార్పు ఏ కారణంతో చేశారో పక్కన ఒక వాక్యం రాయండి.