ఉమ్మడి నిధులపై సంస్థ విధానం రూపొందించడానికి కన్సల్టెంట్‌ను ఎంచుకోవడం ఎలా

నల్గొండ, పాలమూరు ప్రాంతాల్లో పనిచేసే సహాయ సంస్థలు చాలాకాలంగా ఒక్కో పనికి ఒక్కో దాతను వెతుక్కుంటూ, ఒక్కో దాతకు ఒక్కో నమూనాలో లెక్కలు, నివేదికలు పంపుతూ వస్తున్నాయి. దీనికి భిన్నంగా, కొందరు దాతలు తమ సొమ్మును ఒక నిధిగా కూడబెట్టి, ఒకే కమిటీ ద్వారా, ఒకే నియమావళి కింద పలు సంస్థలకు పంచే పద్ధతిని ఉమ్మడి నిధి అంటున్నాం. ఉదాహరణకు, ఐక్యరాజ్యసమితి కేంద్ర అత్యవసర నిధికి 2005 డిసెంబరులో సాధారణ సభ ఆమోదం లభించింది, 2006 మార్చిలో అది పని మొదలుపెట్టింది. 2014లో ప్రారంభమైన, సహాయ సంస్థల కూటమి నడిపే స్టార్ట్ ఫండ్, విపత్తు సమాచారం అందిన 72 గంటల్లోగా డబ్బుపై నిర్ణయం తీసుకోవడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. మన దేశంలో ఎడెల్‌గివ్ ఫౌండేషన్ 2021లో మొదలుపెట్టిన గ్రో ఫండ్, పలువురు దాతల సొమ్ముతో క్షేత్రస్థాయి సంస్థల సామర్థ్యాన్ని పెంచడానికి ఏర్పడింది.

ఈ పద్ధతి మన పల్లెలకు పూర్తిగా కొత్తదేమీ కాదు. సామాజిక పెట్టుబడి నిధిని ఏ పొదుపు సంఘానికి, ఎంత, ఎప్పుడు ఇవ్వాలో గ్రామ సంఘం, మండల సమాఖ్య సమావేశాల్లో కూర్చుని తేల్చే మహిళలకు, ఉమ్మడి సొమ్ములో అసలు చిక్కు ఎక్కడ ఉంటుందో బాగా తెలుసు. నిర్ణయం ఎవరిది, తన సంఘం విషయం చర్చకు వచ్చినప్పుడు నాయకురాలు ఏం చేయాలి, వాయిదా తప్పినవారితో ఎలా వ్యవహరించాలి అన్న ప్రశ్నలే పెద్ద నిధులకూ వర్తిస్తాయి. అందుచేత మీరు నియమించుకునే కన్సల్టెంట్ పని మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే ఒక మండల సమాఖ్య సమావేశంలో కూర్చోవడం ఎంతో మేలు చేస్తుంది.

ముందు కార్యవర్గం తేల్చుకోవలసినవి

కన్సల్టెంట్ కోసం ప్రకటన ఇచ్చే ముందు సంస్థ కార్యవర్గం ఒక పూట కూర్చుని, ఉమ్మడి నిధిలో తమ స్థానం ఏమిటో ఒక పేజీలో రాసుకోవాలి. నిధిలో సొమ్ము వేసే దాతగా చేరాలనుకుంటున్నామా, ఇతరుల సొమ్మును నిర్వహించే సంస్థగా ఉండాలనుకుంటున్నామా, లేక నిధి నుంచి సహాయం అందుకునే సంస్థగా ఉండాలనుకుంటున్నామా? ఈ మూడింటికీ కావలసిన సిబ్బంది వేరు, లెక్కల పద్ధతి వేరు, మోయవలసిన బాధ్యత వేరు. సహాయం అందుకునే సంస్థే నిర్వాహక బాధ్యత కూడా తీసుకోవాలనుకుంటే, తన దరఖాస్తుపై తానే తీర్పు చెప్పే పరిస్థితి వస్తుంది కాబట్టి, ఆ ఆలోచనను మొదటి సమావేశంలోనే గట్టిగా పరీక్షించుకోవాలి. ఈ పేజీ లేకుండా కన్సల్టెంట్‌ను పిలిస్తే, ఆయన లేదా ఆమె తనకు తెలిసిన నమూనానే మీ సంస్థకు తొడుగుతారు. అలా వచ్చే నివేదికలు చూడడానికి బాగానే ఉంటాయి, కానీ సంస్థ వాటిని ఆచరణలో పెట్టలేదు.

నిధి ఏ అవసరానికి అన్నది కూడా అదే సమావేశంలో తేలాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణా నదులకు వచ్చిన వరదలో అలంపూర్, రాజోలి వంటి చోట్ల జనం ఇళ్లు, పంటలు కోల్పోయారు. అటువంటి వేళ డబ్బు రోజుల్లో కదలాలి, పత్రాలు తక్కువగా ఉండాలి, కొంత నష్టానికి దాతలు ముందే సిద్ధపడాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ బాధితుల సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే స్థిరపడింది, ఇప్పుడు నల్లా నీరు కూడా వస్తోంది. అయినా ఎముకలు ఇదివరకే వంగిపోయినవారికి ఏళ్ల తరబడి తోడ్పాటు కావాలి కాబట్టి, అక్కడ మూడేళ్లకో అయిదేళ్లకో మాట ఇవ్వగల నిధి కావాలి. ఈ రెండు అవసరాలను ఒకే నియమావళిలో ఇరికిస్తే ఏదో ఒకటి దెబ్బతింటుంది. కన్సల్టెంట్‌ను అడగవలసిన తొలి ప్రశ్నల్లో ఇది ఒకటి.

చట్టం తెలిసినవారై ఉండాలి

అంతర్జాతీయ నిధుల్లో ఎంత అనుభవం ఉన్నా, మన దేశపు చట్టం తెలియని కన్సల్టెంట్ ఈ పనికి సరిపోరని నా దృఢమైన అభిప్రాయం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020 సెప్టెంబరులో చేసిన సవరణ ప్రకారం, ఒక సంస్థ తనకు అందిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. అవతలి సంస్థకు అదే చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్నా ఈ నిషేధం వర్తిస్తుంది. అంటే ఇక్కడి ఒక సంస్థ విదేశీ సొమ్మును తన దగ్గర పోగుచేసి, నాగర్‌కర్నూల్‌లోనో నారాయణపేటలోనో ఉన్న చిన్న సంస్థలకు పంచే నమూనా ఇప్పుడు చెల్లదు. విదేశీ విరాళం మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే జమ కావాలి. ఆ ఖాతాలో వేరే ఏ సొమ్మూ వేయకూడదు. పాలనా ఖర్చుల పరిమితి కూడా అదే సవరణతో 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఆ చట్టపు నియమాలు వృత్తి నిపుణులకు చెల్లించే రుసుములను పాలనా ఖర్చుల్లోనే చేర్చాయి కాబట్టి, విదేశీ విరాళం నుంచి కన్సల్టెంట్ ఫీజు ఇవ్వాలనుకుంటే ఆ 20 శాతంలో చోటు ఉందో లేదో ఆడిటర్‌తో ముందే సరిచూసుకోవాలి.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులకు దారి వేరు. పలు కంపెనీలు కలిసి ఒక పని చేపట్టడానికి నియమాలు అనుమతిస్తాయి గాని, ప్రతి కంపెనీ తన వాటాను విడిగా లెక్క చూపగలగాలి. ఆ నిధులతో పని చేసే సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్-1 ఫారం ద్వారా నమోదై ఉండాలి. ఇక ఒక ధార్మిక సంస్థ మరో ధార్మిక సంస్థకు దేశీయ విరాళం ఇస్తే, 2023లో వచ్చిన ఆదాయపు పన్ను మార్పు వల్ల అందులో 85 శాతాన్నే ఖర్చుగా పరిగణిస్తారు. నిర్వాహక సంస్థ లెక్కల్లో ఈ మిగిలిన 15 శాతం ప్రభావం ఎలా ఉంటుందో కన్సల్టెంట్ వివరించగలగాలి.

అందుకే ఇంటర్వ్యూలో నేను తప్పక అడగమని చెప్పే ప్రశ్న ఇది: విదేశీ విరాళం, కంపెనీ నిధి, స్థానికంగా వచ్చిన చందా, ఈ మూడూ ఉన్నప్పుడు ఉమ్మడి నిధి ఎలా నడపాలి? ఖాతాలు, లెక్కల పుస్తకాలు విడివిడిగా ఉంచి, దరఖాస్తు ఫారం, ఎంపిక కమిటీ, నివేదిక నమూనా, ఆడిట్ ప్రమాణాలు మాత్రం ఒకటి చేయాలని వెంటనే చెప్పగలిగినవారికి విషయం పట్టుబడినట్టే. అప్పుడు విదేశీ దాత రిజిస్ట్రేషన్ ఉన్న ప్రతి సంస్థకూ నేరుగా సొమ్ము పంపుతారు, రిజిస్ట్రేషన్ లేని చిన్న సంస్థకు దేశీయ సొమ్ము అందుతుంది, ఎవరికి ఏది అన్న నిర్ణయం మాత్రం ఒకే కమిటీ సిఫార్సుపై జరుగుతుంది. మన ప్రాంతంలో ఉమ్మడి నిధికి ఇంతకంటే అనువైన రూపం నాకు కనిపించలేదు.

పని వివరణ పత్రం

పని వివరణ పత్రంలో కన్సల్టెంట్ అప్పగించవలసినవి స్పష్టంగా ఉండాలి. సంస్థ ప్రస్తుత నిధుల పరిస్థితిపై ఒక పరిశీలన, సంస్థ ఎంచుకోదగిన రెండు మూడు మార్గాలు, వాటి లాభనష్టాలు, సిఫార్సు చేసిన మార్గానికి ముసాయిదా విధానం, కమిటీ సభ్యుల స్వప్రయోజనాలు అడ్డురాకుండా చూసే నియమాలు, ఏడాది ఆచరణ ప్రణాళిక సరిపోతాయి. దీనికి రెండు మూడు నెలల వ్యవధిలో 20 నుంచి 25 పని దినాలు కేటాయించడం న్యాయంగా ఉంటుంది. అంతకంటే తక్కువ రోజులిస్తే ఊళ్లకు వెళ్లకుండా ఫోన్లలోనే పని ముగించే ప్రమాదం ఉంది.

క్షేత్ర పర్యటన రోజులను పత్రంలో విడిగా రాయాలి. అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటలకు (ఆవాసాలకు) వెళ్లాలన్నా, వలస వెళ్లే కుటుంబాలను కలవాలన్నా వారు ఊళ్లో ఉండే కాలాన్ని బట్టి తేదీలు పెట్టుకోవాలి గాని, దాత ఆర్థిక సంవత్సరాన్ని బట్టి కాదు. భాగస్వామ్య సంస్థలతో కన్సల్టెంట్ మాట్లాడేటప్పుడు మీ సిబ్బంది అక్కడ ఉండకూడదని కూడా రాయండి. డబ్బు ఇచ్చే సంస్థ మనిషి పక్కన కూర్చుంటే, ఆలస్యంగా అందిన వాయిదాల గురించీ, అర్థం కాని ఫారాల గురించీ ఎవరూ నోరు విప్పరు.

ఎంపిక

ప్రకటనను అభివృద్ధి రంగపు ఉద్యోగాల వెబ్‌సైట్లలో పెట్టడంతో పాటు, ఉమ్మడి నిధిలో పనిచేసిన సంస్థలను నేరుగా అడిగి పేర్లు తెలుసుకోవాలి. వచ్చిన ప్రతిపాదనలను ముగ్గురు సభ్యుల కమిటీ విడివిడిగా చదివి మార్కులు వేయాలి. అనుభవానికి 40, పని పద్ధతికి 30, ఖర్చుకు 20, భాషకు, స్థానిక అవగాహనకు 10 అన్న విభజన నాకు సబబుగా తోస్తుంది. తక్కువ కొటేషన్ ఇచ్చారన్న ఒక్క కారణంతో ఎవరినీ తీసుకోకండి.

తెలుగు రాని నిపుణులే దొరికితే, తెలుగు వచ్చిన సహచరుడిని లేదా సహచరిని వెంట పెట్టుకోవాలని షరతు పెట్టండి. నారాయణపేట సరిహద్దు ఊళ్లలో కన్నడం, పట్టణాల్లో ఉర్దూ కూడా అవసరం పడవచ్చు. గతంలో రాసిన ఒక నివేదికను, అందులోని రహస్య వివరాలు తీసేసి, చూపమని అడగండి. దాన్ని చదివితే ఆ మనిషి ఆలోచించే తీరు ఇంటర్వ్యూలో కంటే స్పష్టంగా తెలుస్తుంది. రిఫరెన్సులుగా ఇచ్చినవారికి ఫోన్ చేసినప్పుడు పని బాగుందా అని అడగడం కంటే, ఆ సిఫార్సుల్లో ఎన్నింటిని అమలు చేశారు, చేయనివి ఎందుకు చేయలేదు అని అడగడం ఉపయోగకరం. మీ నిధిలో చేరే అవకాశం ఉన్న దాత దగ్గర కన్సల్టెంట్ ప్రస్తుతం పనిచేస్తున్నారా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఫీజు, ఒప్పందం

రోజువారీ ఫీజును, ప్రయాణ ఖర్చులను విడిగా చూపమనండి. ప్రయాణ ఖర్చులు రసీదుల ప్రకారం చెల్లిస్తే చాలు. కన్సల్టెంట్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఫీజుపై 18 శాతం అదనంగా వస్తుంది. సేవలపై ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటినవారికి సాధారణంగా ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చెల్లించే ఫీజు నుంచి సంస్థ 10 శాతం టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి జమ చేయాలి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 50 వేల రూపాయలు దాటిన వృత్తి రుసుములకు ఇది వర్తిస్తోంది.

తెచ్చిన నిధుల్లో ఇంత శాతం అన్న ఒప్పందానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదు. అలా ఒప్పుకుంటే సలహా మొత్తం ఎక్కువ డబ్బు వచ్చే వైపే మొగ్గుతుంది, ఉమ్మడి నిధిలో చేరకపోవడమే మీకు మంచిదని చెప్పే స్వేచ్ఛ కన్సల్టెంట్‌కు ఉండదు. ఫీజును ప్రారంభ నోట్, క్షేత్ర పరిశీలన, ముసాయిదా, తుది పత్రం అన్న నాలుగు దశలకు ముడిపెట్టండి. చివరి వాయిదాను మాత్రం కార్యవర్గం ఆమోదానికి ముడిపెట్టకుండా, కార్యవర్గ సమావేశంలో చర్చ జరగడానికి ముడిపెట్టాలి. ఆమోదిస్తేనే డబ్బు అంటే, కార్యవర్గానికి ఇష్టమైన మాటలే పత్రంలోకి వస్తాయి. పత్రాలపై హక్కు సంస్థదేనని, భాగస్వాములు చెప్పిన విషయాలు బయటకు పొక్కకూడదని ఒప్పందంలో ఉండాలి.

పని సాగేటప్పుడు

సిబ్బందిలో ఒకరిని ఈ పనికి బాధ్యులుగా పెట్టి, వారానికి ఒకసారి కన్సల్టెంట్‌తో మాట్లాడించండి. లెక్కలు చూసే వ్యక్తిని మొదటి సమావేశం నుంచే కూర్చోబెట్టడం మరవకండి, ఎందుకంటే రేపు ఈ విధానాన్ని రోజూ నడపవలసింది వారే. ముసాయిదా వచ్చాక దాని సారాంశాన్ని తేలికైన తెలుగులో రాయించి, భాగస్వామ్య సంస్థలకు, సమాఖ్య నాయకురాళ్లకు పంపి, అభిప్రాయం చెప్పడానికి కనీసం రెండు వారాలు ఇవ్వండి.

తుది పత్రం తీసుకునే ముందు ఒక పరీక్ష పెట్టండి. సంస్థకు గతంలో వచ్చిన దరఖాస్తుల్లో ఒక వరద సహాయం దరఖాస్తును, ఒక దీర్ఘకాలపు పని దరఖాస్తును తీసుకొని, కొత్త నియమావళి ప్రకారం కమిటీ సభ్యులు కన్సల్టెంట్ సమక్షంలో నిర్ణయం తీసుకోవాలి. ఎక్కడ ఎంత సమయం పట్టింది, ఏ ఫారంలో ఏ ప్రశ్న అర్థం కాలేదు, ఎవరు కమిటీ నుంచి తప్పుకోవలసి వచ్చింది అన్నవి రాసుకొని, ఆ సవరణలు పత్రంలో చేరిన తరువాత కార్యవర్గ సమావేశానికి తేదీ ఖరారు చేయండి.