కథలో రాము కనిపించాలంటే మూడు చీటీలు

మా అమ్మాయి 5వ తరగతి. ఏ కథ రాసినా “ఒక ఊళ్లో రాము అనే మంచి బాలుడు ఉండేవాడు” అనే మొదలు. రాము ఎలా ఉంటాడమ్మా అని అడిగితే, మళ్లీ “మంచివాడు” అనే జవాబు.

ఈమధ్య కథ మొదలుపెట్టే ముందు 10 నిమిషాలు ఇలా చేయిస్తున్నాను. చిన్న చీటీలు 3 తీసుకోవాలి. ఒకదాంట్లో రాము జేబులో ఉన్న వస్తువు, రెండోదాంట్లో వాడికి భయం కలిగించేది, మూడోదాంట్లో కంగారుపడితే వాడి చేతులు చేసే పని. చీటీకి ఒక్క వాక్యమే. మంచి, తెలివైన, అల్లరి లాంటి మాటలు రాయకూడదు.

మొన్న వచ్చినవి ఇవి: సగం కొరికిన జామకాయ, బావి గట్టు, చొక్కా గుండీ తిప్పడం. కథలో చేద బావిలో పడింది. రాము గుండీ తిప్పుతూ తిప్పుతూ గట్టు దగ్గరికి వెళ్లాడు. “భయపడ్డాడు” అన్న మాటే అక్కర్లేకపోయింది. చదువుతుంటే ఎంత ముచ్చటేసిందో!

మూడు చీటీలూ ముఖ్య పాత్రకే. దారిలో కనిపించే పాలబ్బాయికీ పక్కింటి బామ్మకూ కూడా మూడేసి రాయిస్తే కథ ముందుకు కదలదు. వాళ్లకు ఒక్కటి చాలు.