పిల్లల దగ్గర ఫోన్ లేకున్నా క్లాసంతా జవాబు చెప్పించొచ్చు

చిత్తూరు చుట్టుపక్కల బళ్లలో పాఠాలు చెప్పే టీచర్లు ప్లిక్కర్స్ యాప్ ఒకసారి వాడి చూడండి, ఫోన్ మీ దగ్గర ఒక్కటుంటే చాలు. పిల్లలకు తలా ఒక కాగితం కార్డు ఇస్తాం, దాన్ని ఏ వైపు పైకి తిప్పి పట్టుకుంటే అదే వాళ్ల జవాబు, కెమెరా క్లాసంతా తిప్పితే ఎవరేం చెప్పారో ఫోన్‌లో వచ్చేస్తుంది. ఏ రెండు కార్డులూ ఒకేలా ఉండవు కాబట్టి పక్కవాళ్లని చూసి కాపీ కొట్టడం కష్టం.

కానీ అసలు పని స్కాన్ తర్వాతే ఉంది. 0.5 పెద్దదా, 0.45 పెద్దదా అని అడగండి. చాలామంది 45 పెద్దది కదా అని 0.45 వైపే తిప్పుతారు. వెంటనే జవాబు చెప్పేయకుండా పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ స్కాన్ చేయండి, వెనక బెంచీలో నోరు విప్పని పిల్లలు కూడా అప్పుడు మాట్లాడతారు, నాకు అన్నిటికంటే నచ్చేది అదే. కార్డులకు మెరిసే లామినేషన్ మాత్రం వద్దు, వెలుతురు పడితే స్కాన్ సరిగా కాదు.