ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న పిల్లల్ని పెద్ద మ్యాచ్‌కి తీసుకెళ్లడం ఎలా?

ఇంట్లో ఆస్తమానో, టైప్ 1 షుగరో, గుండె సమస్యో ఉన్న పిల్లలుంటే, లేదా కీమో అయ్యి ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న వాళ్లుంటే, "వరల్డ్ కప్ మ్యాచ్ స్టేడియంలో చూడాలి" అని వాళ్లు అడగ్గానే మన నోటికి ముందొచ్చే మాట "పెద్దయ్యాక చూద్దాంలే". అంత జనంలో ఆయాసం వస్తే ఏంటి, జ్వరం వస్తే ఎవర్ని పిలవాలి, అదీ భయం. భయపడటంలో తప్పేం లేదు కానీ అందులో చాలా వరకు టికెట్ కొనకముందే తేల్చుకోగలిగేవే. డాక్టర్ ముందు, టికెట్ తర్వాత, పిల్లలకి మాటివ్వడం ఆఖర్న. చాలామంది సరిగ్గా రివర్స్‌లో చేస్తారు, ఇబ్బంది అంతా అక్కడే మొదలవుతుంది.

స్టెప్ 1: డాక్టర్‌ని "వెళ్లొచ్చా" అని మాత్రం అడక్కండి

అలా అడిగితే "జాగ్రత్తగా వెళ్లి రండి" అనేసి పంపించేస్తారు. ఎన్ని గంటలు కూర్చోవాలి, ఎండా చలా, ఎన్ని మెట్లెక్కాలి, ఫ్లైట్ ఉందా, అన్నీ చెప్పి అడగండి. 2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ వేదికల్లో ఒకటైన మెక్సికో సిటీ సముద్రమట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అంత ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ తక్కువ, సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బు ఉన్నవాళ్లకో ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లకో ఆ ఒక్క విషయంతోనే డాక్టర్ జవాబు మారిపోవచ్చు. ఏ లక్షణం కనిపిస్తే ఏ మందు ఎంత వెయ్యాలి, ఎప్పుడు నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాలి, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి.

కీమో నడుస్తున్న పిల్లలకి 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం అంటే ఎమర్జెన్సీయే. డాక్టర్‌కి ఫోన్ చెయ్యకుండా పారాసెటమాల్ వెయ్యకూడదు, ఎందుకంటే అది జ్వరాన్ని కప్పేస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ ముదిరిపోతున్నా మనకి తెలీదు.

టీకాలు కూడా ఇప్పుడే చూస్కోండి. తట్టు, అదే మీజిల్స్, ఉన్న మనిషి వెళ్లిపోయాక కూడా ఆ గాలిలో వైరస్ 2 గంటల దాకా ఉండగలదు. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో వింటర్ ఒలింపిక్స్ అయిన వెంటనే ఆ రాష్ట్రంలో తట్టు కేసులు ఒక్కసారిగా పెరిగాయి. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకి ఈ టీకా ఇవ్వరు, అందుకే ఇంట్లో మిగతా అందరికీ రెండు డోసులూ పడ్డాయో లేదో చూడాలి. వేయించుకున్నాక పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుంది, బయల్దేరే ముందు రోజు గుర్తొస్తే లాభం లేదు.

స్టెప్ 2: మ్యాచ్ కన్నా సీటు ముఖ్యం

ఫైనలే చూడాలనేం లేదు, నిజానికి మొదటిసారికి జనం తక్కువుండే లీగ్ మ్యాచ్ చాలు, పిల్లలకి ఆ పచ్చ గ్రౌండూ ఆ అరుపులే పెద్ద పండగ. నడిచే దారి పక్క సీటు, బాత్రూమ్‌కీ బయటి దారికీ దగ్గరగా. ఆస్తమా ఉంటే గోల్ పోస్ట్ వెనక స్టాండ్స్ వద్దు, వీరాభిమానులు పొగ చిమ్మే ఫ్లేర్లు వెలిగించేది ఎక్కువగా అక్కడే. ఒకసారి బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వని స్టేడియాలు చాలా ఉన్నాయి, మందుల సంచికి పర్మిషన్ ఉందా, ప్రశాంతంగా కూర్చునే గది ఉందా అని మెయిల్‌లో అడిగి జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 2022 ఖతార్ వరల్డ్ కప్‌లో కొన్ని స్టేడియాల్లో అలాంటి గదులు పెట్టారు కూడా.

స్టెప్ 3: సంచి సర్దడం

మందులు రెండు సెట్లు, ఇద్దరు పెద్దవాళ్ల దగ్గర చెరొకటి. డాక్టర్ లెటర్ అడుగున కాదు, పైనే ఉండాలి, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు సంచి తెరిచి జ్యూస్ ప్యాకెట్ పక్కన పెట్టేస్తుంటే వెనక లైన్లో వంద మంది విసుక్కుంటుంటారు, అప్పుడు వెతుకుతూ కూర్చోలేం కదా. షుగర్ ఉన్న పిల్లకి అది బాగా పడిపోయినప్పుడు ఆ జ్యూసే మందు అని లెటర్‌లో ఒక్క ముక్క రాయించండి, వాదనే ఉండదు.

ఇన్సులిన్ ఫ్లైట్‌లో చేతి సంచిలోనే పెట్టుకోండి, లగేజీలో వేస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. ఎండలో ఆపిన కారులో అసలు వదలొద్దు. ఇన్‌హేలర్‌తో పాటు స్పేసర్ (మందు సరిగ్గా లోపలికి వెళ్లేలా ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) కూడా, చాలామంది దాన్నే మర్చిపోతారు.

చెవులకి ఇయర్‌మఫ్స్ కొనండి, స్టేడియంలో మోత 100 డెసిబుల్స్ దాటడం మామూలే. కానీ ముందు ఇంట్లో టీవీ సౌండ్ పెంచి ఓ గంట పెట్టించండి. బిగుతుగా ఉంటే అక్కడికెళ్లాక తీసి విసిరేస్తారు, మీ డబ్బులు పోతాయి.

స్టెప్ 4: మ్యాచ్ రోజు

తొందరగా వెళ్లి ఫస్ట్ ఎయిడ్ పోస్ట్ ఎక్కడుందో పిల్లలతో కలిసి నడిచి చూసి రండి. చేతికి బ్యాండ్ కట్టి దాని మీద మీ ఫోన్ నంబరూ జబ్బు పేరూ రాయండి. తినే ముందు సబ్బుతోనే చేతులు కడిగించండి, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచెయ్యదు.

టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లలో ఉత్సాహానికి షుగర్ పెరగొచ్చు, తర్వాత పార్కింగ్ దాకా నడిచేసరికి పడిపోవచ్చు. అందుకే మ్యాచ్ అయ్యాక, మళ్లీ పడుకునే ముందు చెక్ చెయ్యడం మర్చిపోవద్దు.

స్టెప్ 5: వెనక్కి ఎప్పుడు రావాలో ముందే అనుకోండి

స్కోరు టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎవరికీ బుర్ర పనిచెయ్యదు. రిలీవర్ (ఆయాసం వెంటనే తగ్గించే ఇన్‌హేలర్) వాడినా ఆయాసం తగ్గకపోతే ఫస్ట్ ఎయిడ్‌కి, జ్వరం వస్తే బయటికి, స్కోరు ఎంతున్నా సరే, ఇలా పిల్లలతో కలిసి రాసుకోండి. బాగోలేదని చెప్పడానికి మీ ఇద్దరికే తెలిసిన ఒక సైగ పెట్టుకోండి, అందరి ముందు చెప్పడానికి సిగ్గుపడి దాచే పిల్లలు చాలామంది ఉంటారు. ఇవన్నీ కుదిరాకే "వెళ్తున్నాం" అని చెప్పండి, "ఆ రోజు ఒంట్లో బాగుంటే" అనే మాట కలిపి.

జబ్బు ప్రాణం మీదికొచ్చేంత పెద్దదైతే మేక్ ఎ విష్ లాంటి సంస్థలున్నాయి, రెండున్నర నుంచి 18 ఏళ్ల లోపు పిల్లల కోరికలు వాళ్లు తీరుస్తారు, డాక్టర్ ద్వారా కనుక్కోండి. స్టేడియంకి వెళ్లడమే కుదరకపోయినా దారులు లేకపోలేదు. అమెరికాలో అయోవా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో మొదటి క్వార్టర్ అవ్వగానే స్టేడియం మొత్తం లేచి పక్కనున్న పిల్లల ఆసుపత్రి వైపు తిరిగి, కిటికీల్లోంచి చూస్తున్న పిల్లలకి చేతులూపుతుంది, 2017 నుంచీ ఇదే ఆనవాయితీ.

ఇంటికొచ్చాక మూడు వారాల లోపు జ్వరమో ఒంటి మీద దద్దుర్లో కనిపిస్తే ఆసుపత్రికి ముందు ఫోన్ చేసి, ఫలానా రోజు మ్యాచ్‌కి వెళ్లొచ్చామని చెప్పి, ఆ తర్వాతే తీసుకెళ్లండి. తట్టే అయితే వెయిటింగ్ హాల్లో కూర్చున్న మిగతా పిల్లలకి అంటుకోకుండా వాళ్లు వేరే గదిలోకి పంపిస్తారు.